సిల్వర్ మెంబరుగారి అమ్మాయి

"మీరు సంతకం పెట్టకపోయినా పర్లేదండీ, కాఫీ మాత్రం తాగాలి," అంటూ అతను నవ్వుతూ కుర్చీ లాగాడు.

"కాఫీ ఉచితమా?" అని అడిగింది ఆమె.

"ఉచితమేనండీ."

"అయితే చాలా ఖరీదైన కాఫీ అన్నమాట," అని ఆమె కప్పు పక్కకు జరిపింది.

ఆమెకి సొంతంగా కళ్ళద్దాల షాపుంది. చిన్న అక్షరాలు కనబడనివాళ్ళకి కనబడేలా చేయడమే ఆమె పని. అలాంటి పిల్లని మెంబర్‌షిప్ బ్రోషర్ ముందు కూర్చోబెట్టడం ఎంత పొరపాటో ఆ టై కట్టుకున్న కుర్రాడికి ఇంకా తెలియదు పాపం.

సరస్సు ఒడ్డున ఉన్న ఆ రిసార్టులో నాన్న ఎప్పుడో టైమ్‌షేర్ తీసుకున్నాడు. సిల్వర్ మెంబరు. ఏడాదికో వారం వచ్చి ఉండొచ్చు. ఈసారి వచ్చీ రాగానే, "మెంబర్లకి బ్రేక్‌ఫాస్ట్ ఉందండీ, చిన్న అప్‌డేట్ అంతే," అని ఈ హాల్లోకి తీసుకొచ్చారు. హాలు నిండా గుండ్రటి బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒక కుటుంబం, వాళ్ళకి ఎదురుగా ఒక టై. ఎవరైనా పై మెట్టుకి మారితే గంట కొడతారు, హాలంతా చప్పట్లు కొడుతుంది. మొదటి గంటకి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నాన్నే. కొన్నది ఎవరో, మురిసిపోయింది ఈయన!

"ఈ డైమండ్ రేటు ఈరోజే సార్," అన్నాడు కుర్రాడు.

"రేపు?" ఆమె అడిగింది.

"రేపు ఉండదండీ."

"ఎల్లుండి?"

"అసలే ఉండదు."

"మీరైనా ఉంటారా, ఈరోజే గారూ?"

అతనికి నవ్వు ఆగలేదు. నవ్వకూడదని టై సర్దుకున్నాడు, అయినా ఆగలేదు. నవ్వినప్పుడు అబ్బాయి బాగానే ఉన్నాడని ఆమెకి అనిపించింది. అనిపించినందుకు తనమీద తనకే కోపమొచ్చి బ్రోషర్‌లో తల దూర్చింది.

నాన్న మాత్రం ఈ సరదాల్లో లేడు. లిఫ్టు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా పై అంతస్తు కింద అంతస్తు తప్ప వేరే లోకం తెలియదు. సిల్వర్, గోల్డ్, డైమండ్ అని వరసగా చూపిస్తే ఆయన చెయ్యి దానంతటదే పై బటన్ మీదికి పోతుంది.

"నాకు విల్లా కావాలి బాబూ," అన్నాడు. "మూడు పడగ్గదులు, మధ్యలో పెద్ద హాలు. నా చెల్లెళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి. అది డైమండ్ వాళ్ళకే అని రాశారు."

విషయం అదీ. తన తల్లి పోయాక ఆమెని పెంచింది ఆ చెల్లెళ్ళే, పెద్దత్త, చిన్నత్త. ఆ ఇద్దరికీ ఇప్పుడు మాటల్లేవు. పెద్దత్త కూతురి పెళ్ళిలో ఫోటోకి అందరూ నిలబడ్డ వేళ, చిన్నత్త భోజనాల దగ్గర వడ్డన చూస్తోంది. ఆవిడ లేకుండానే ఫోటో తీసేశారు. అంతే! కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మాట్లాడుకోవడం మానేశారు, ఏళ్ళు గడిచిపోయాయి.

"నాన్నా, రెండు వీధుల అవతల ఉండి ఒకరి గుమ్మం ఒకరు తొక్కనివాళ్ళు విల్లా చూసి కలుస్తారా? కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా?"

"కావలించుకోవాలన్నా ముందు ఇద్దరూ ఒకచోట ఉండాలి కదే," అన్నాడాయన. అంటూనే జేబులోంచి పెన్ను తీశాడు.

రిటైరైనప్పుడు చేతికొచ్చినదంతా ఆ పెన్ను మొనమీద ఉంది. ఆమె బ్రోషర్ మూసి కుర్రాడి వైపు తిరిగింది.

"సూటిగా అడుగుతున్నా. డైమండ్ తీసుకుంటే సెలవుల్లో విల్లా దొరుకుతుందా?"

"ప్రయారిటీ ఉంటుందండీ."

"దొరుకుతుందా అని అడిగాను."

"అందరికంటే ముందు వరసలో ఉంటారు."

"వరసలో నిలబడటానికి ఇంత డబ్బు పొయ్యాలా? దొరుకుతుందా, దొరకదా?"

అతను ఆమె వైపు చూశాడు. తర్వాత నాన్న చేతిలోని పెన్ను వైపు చూశాడు. చివరికి గొంతు తగ్గించి చెప్పాడు.

"దొరక్కపోవచ్చండీ. ఇక్కడ విల్లాలు నాలుగే, డైమండ్ వాళ్ళు వందలమంది. సెలవులొస్తే వాళ్ళలో వాళ్ళకే పోటీ. ఏడాదికి మూడు నాలుగుసార్లు తిరిగేవాళ్ళకి, ఏడాది ముందే తేదీలు ఖాయం చేసుకోగలిగినవాళ్ళకి డైమండ్ గిట్టుబాటే, కాదనను. మీరు ఏడాదికోసారి వస్తారు, అదీ కుదిరితే. పైగా ఏటా కట్టే మెయింటెనెన్స్ కూడా పెరుగుతుంది సార్. నేనైతే తీసుకోను. వానాకాలంలో రండి. జనం ఉండరు. మీ ఒక్క గది వారాన్నే రెండు గదులకి సర్ది ఇస్తారు, నాలుగు రోజులు ఉండొచ్చు. మధ్యలో తలుపు కూడా ఉంటుంది. ఈ రేటంటారా, వచ్చే నెలా ఉంటుంది."

ఇంత శుభ్రంగా నిజం చెప్పేవాడు ఈ హాల్లో ఉన్నాడా? ఆమె మనసు అతని వైపు నాలుగడుగులు నడిచింది కూడా.

అప్పుడే టీమ్ లీడర్ వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు. "మావాడు అలాగే అంటాడమ్మా, 'నేనైతే తీసుకోను' అని. అది మా స్టైల్. అలా అన్నాకే కస్టమర్లకి నమ్మకం కుదురుతుంది," అని గట్టిగా నవ్వి, "మీకు నేను స్పెషల్ రేటు ఇస్తా, కూర్చోండి," అన్నాడు.

పక్క బల్ల దగ్గర ఇంకో టై గొంతు స్పష్టంగా వినబడింది. "నేనైతే ఇది తీసుకోను సార్, కానీ మీలాంటి ఫ్యామిలీకి..."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అతనేదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే లేచింది.

"నాటకం బాగుందండీ, ఈరోజే గారూ. మేమే చప్పట్లు కొట్టడం మర్చిపోయాం," అని నాన్న చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

కారిడార్‌లో నాన్న చెయ్యి విడిపించుకున్నాడు. "వచ్చే ఏడు నీ పెళ్ళి చేయాలనుకుంటున్నానే. ఆ రోజు కూడా నా చెల్లెళ్ళు చెరో మూలా మొహం తిప్పుకుని కూర్చుంటే నేను చూడలేను. నా దగ్గరున్న దారి ఇదొక్కటే."

ఆయన కళ్ళలో నీళ్ళు. ఆమె పంతం అక్కడే గట్టిపడింది.

"నాన్నా, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. మనం సిల్వరే సరిగ్గా వాడుకోలేదు, డైమండ్ ఎందుకు? వానాకాలంలో వద్దాం. ఇద్దరత్తల్నీ నేను తీసుకొస్తా. అప్పటికీ వాళ్ళు కలవకపోతే నువ్వు సంతకం పెట్టు, పెన్ను నేనే ఇస్తా. సరేనా?"

"అవి కదలవే, బండరాళ్ళు."

"నేనూ ఆ ఇంటి పిల్లనే కదా. చూద్దాం ఎవరు కదులుతారో."

ఇంటికెళ్ళాక ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అబద్ధమాడి లాక్కొస్తే మధ్యదారిలోనే దిగిపోతారని తెలుసు. "ఆవిడొస్తే నేను రాను," అంది పెద్దత్త. "అక్కడ ఆవిడుంటే నాకేం పని?" అంది చిన్నత్త. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పింది. "నాకు అమ్మ లేదు, ఉన్నది మీరిద్దరే. మీకు కుదరదంటే చెప్పండి, నేను పెళ్ళే మానేస్తా. షాపు ఉంది, బతకగలను." అలా వారంవారం వెళ్ళి చెప్పింది. తిట్లు తింది, అన్నం కూడా అక్కడే తింది. చివరికి ఇద్దరూ పెట్టెలు సర్దారు. ఒకే బస్సులో ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో!

రిసార్టులో గదులు రెండూ పక్కపక్కనే దొరికాయి. ఒకదాంట్లో నాన్న, పెద్దత్త. రెండోదాంట్లో ఆమె, చిన్నత్త. మధ్య తలుపుకి అటొక గడియ, ఇటొక గడియ. ఒకవైపు తీస్తే చాలదు, రెండువైపులా తియ్యాలి. ఎవరూ తియ్యలేదు. నాన్న తలుపు బందులు నొక్కి చూసి, "బానే ఉన్నాయి, మనుషులే బిగుసుకున్నారు," అని నిట్టూర్చాడు.

మర్నాడు వాన. ఊపిరాడక ఆమె గొడుగు తీసుకుని బయటపడింది. ఈతకొలను నీళ్ళమీద చినుకులు గంతులేస్తున్నాయి. పక్కన చిన్న కౌంటరు, దానిమీద మడతపెట్టిన తువ్వాళ్ళ గుట్ట. గుట్ట వెనక... అతను. టై లేదు.

"తువ్వాలు కావాలా అండీ?" అన్నాడు. అన్నాక ఆమెని గుర్తుపట్టి తడబడ్డాడు.

"ఈ వానలో ఈతకి ఎవరైనా వస్తున్నారా?"

"ఇప్పటిదాకా మీరొక్కరే వచ్చారు."

"ఈరోజే గారు బల్ల వదిలేసి ఇక్కడున్నారేంటి?"

"ఆ రోజే మార్చేశారండీ. మీ నాన్నగారి పెన్ను తిరిగి జేబులోకి వెళ్ళిందని."

ఆమె గొడుగు కిందికి వాలింది. "మరి అది మీ స్టైల్ అన్నారుగా?"

"'నేనైతే తీసుకోను' అనమని నేర్పిస్తారు, నిజమే. ఆ తర్వాత 'కానీ' అని మొదలుపెట్టమంటారు. నేను 'కానీ' అనలేదండీ."

ఆమె గుర్తు తెచ్చుకుంది. అతను అనలేదు. అన్నది పక్క బల్లవాడు. అన్ని చిన్న అక్షరాలు చదివే తాను ఇంత పెద్ద మనిషిని చదవలేకపోయిందే! సిగ్గుతో చచ్చినంత పనైంది.

"నన్ను క్షమించండి. నాటకం అన్నాను."

"మళ్ళీ బల్ల ఇస్తామంటున్నారండీ. వద్దన్నాను. తువ్వాళ్ళు అబద్ధం చెప్పమనవు."

"ఇంతకీ మాకెందుకు నిజం చెప్పారు?"

"పక్కవాళ్ళు కొంటే మీ నాన్నగారు సంతోషపడ్డారు. అలాంటాయనకి అమ్మబుద్ధి కాలేదు."

"అంతేనా?"

"సగం అదే."

"మిగతా సగం?"

అతను పైనున్న తువ్వాలు విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "అది చెబితే ఈ డ్యూటీ కూడా పీకేస్తారండీ."

ఆమె పకపకా నవ్వింది. వెళ్తూ వెళ్తూ ఒక తువ్వాలు పట్టుకెళ్ళింది. సాయంత్రం ఇంకోటి, మర్నాడు పొద్దున మరోటి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పిల్లకి ఈత రాదు.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆమె గొడుగు మూసి కౌంటరు మీద పెట్టింది.

"నాకు డొంకతిరుగుడు చేతకాదు. మీరు నాకు నచ్చారు. మా నాన్నకి నిజం చెప్పారు, దానికోసం నష్టపోయారు, నేను తిట్టినా పడ్డారు. మీ మిగతా సగం ఏంటో ఇప్పుడు చెప్పండి. డ్యూటీ పోతే పోయింది, నా షాపులో పనుంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మిగతా సగం మీరేనండీ. మీరు దొరుకుతుందా దొరకదా అని అడిగినప్పుడు, ఈవిడకి జన్మలో అబద్ధం చెప్పలేను అనిపించింది. ఇప్పటికీ అలాగే ఉంది."

వాన జోరందుకుంది. ఇద్దరూ ఆ చిన్న రేకు కింద తడుస్తూ నిలబడ్డారు. అన్ని తువ్వాళ్ళు పక్కనే ఉన్నా ఒక్కటి తీసుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ సాయంత్రం చిన్నత్త కుర్చీమీది తువ్వాళ్ళ గుట్ట వైపు చూపించింది. "ఈత రానిదానికి ఇన్నెందుకే?"

ఆమె దాచలేదు, అంతా చెప్పేసింది. ఆవిడ విని, మధ్య తలుపు దగ్గరికెళ్ళి గొంతెత్తింది. "అన్నయ్యా! ఆ తువ్వాళ్ళబ్బాయిని మధ్యాహ్నమే వెళ్ళి కదిలించాను. నిదానస్తుడు. మన పిల్లకి సరిపోతాడు."

అవతలినుంచి పెద్దత్త గొంతు వచ్చింది. "అన్నయ్యా, మన పిల్ల వానలో కొలను దగ్గరికి వెళ్ళడం కిటికీలోంచి చూసి, నేను పొద్దున్నే వెళ్ళి కనుక్కున్నానని చెప్పు. ఇంటి వివరాలు కూడా అడిగాను. తల్లి స్కూల్లో పాటలు నేర్పుతుందట."

"వాళ్ళమ్మతో నేను మాట్లాడతానని చెప్పన్నయ్యా."

"పెద్దదాన్ని నేనుండగా తనెందుకు?"

"ఫోటో తీసేటప్పుడు ఏమైందట ఈ పెద్దరికం?"

ఆమె మూసి ఉన్న తలుపు వైపు చూసింది. ఇంతదూరం లాక్కొచ్చింది తనే, అయినా ఇక్కడ తను చేయగలిగింది ఏమీ లేదు.

అవతలినుంచి పెద్దత్త మాట్లాడింది. ఈసారి అన్నయ్యా అనలేదు.

"నిన్ను పిలవమని చెప్పానే. ఎవరూ పిలవలేదు. నేనే వచ్చి పిలవాల్సింది. ఆ ఫోటో గోడకి తగిలించనేలేదు. నువ్వు లేనిది నేనేం చూసుకోను?"

అటువైపు గడియ తీసిన చప్పుడైంది. చిన్నత్త కదల్లేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. మేనకోడలి చెయ్యి గడియ వైపు పోబోయింది, కానీ బలవంతంగా వెనక్కి తీసుకుంది. అది అత్తే తియ్యాలి.

చిన్నత్త తీసింది.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. "జుట్టంతా నెరిసిపోయిందేమే?" అంది పెద్దత్త. "నీది మాత్రం నల్లగా ఉందా?" అంది చిన్నత్త, ఏడుస్తూ. వెనక మంచం మీద నాన్న చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఆమె ఆయన జేబులోంచి పెన్ను తీసి తన సంచిలో వేసుకుంది. ఆయన కాదనలేదు.

"సరేగానీ," పెద్దత్త కళ్ళు తుడుచుకుంటూ అంది, "ఆ అబ్బాయి వాళ్ళమ్మ దగ్గరికి ఎప్పుడెళ్తావు?"

"నువ్వే వెళ్తానన్నావుగా, పెద్దదానివి."

"నేను ఒక్కదాన్నే వెళ్తే నోరుజారి పని చెడగొడతాను. నువ్వు లేకుండా నేనెక్కడికీ వెళ్ళను. ఇద్దరం కలిసే వెళ్దాం."