సినిమాలో లేని మాట

"మీ రివ్యూలో ఒక తప్పుంది. ఆ తప్పు మీది కాదు, నాది."

ఫిల్మ్ ఫెస్టివల్ క్యూలో ముక్కూమొహం తెలియని అమ్మాయి నా పక్కకొచ్చి ఈ మాట అనేసరికి చేతిలో కాఫీ కాస్త ఒలికింది. మామూలుగా నన్ను పట్టుకుని అడిగేవాళ్లందరూ తప్పు నాదేనంటారు. ఒక పెద్ద హీరో సినిమాకి రెండు వేశానని చేపల మార్కెట్లో ఒకాయన నాకు చేప అమ్మనన్నాడు కూడా.

నా పేరు వేముండ్. బెర్గన్‌లో ఒక పత్రికకి నాలుగేళ్లుగా సినిమా రివ్యూలు రాస్తున్నాను. మా దేశంలో సినిమాలకి నక్షత్రాలు వేయరు, పాచిక బొమ్మ వేస్తారు. ఒకటి వస్తే చెత్త, ఆరు వస్తే అద్భుతం. నాలుగేళ్లలో నేను ఆరు వేసింది మూడే మూడు సార్లు. మూడోది ఆ ముందురోజే, ఫెస్టివల్‌కి వచ్చిన ఒక చిన్న ఫిన్లాండ్ సినిమాకి.

పదకొండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన ఒక పడవ సరంగు కథ అది. తలుపు తీసిన భార్య ఒక్క మాట అంటుంది. తెర కింద అక్షరాల్లో అది ఇలా వచ్చింది: "నువ్వు రాలేదని ఏడవలేదు. ఎదురుచూడటం మర్చిపోయిన రోజు ఏడ్చాను." నా రివ్యూలో సగం ఈ మాట గురించే.

"ఆ మాట సినిమాలో లేదు," అందా అమ్మాయి. "నేను రాశాను."

ఆమె పేరు సైమా. తల్లిది ఫిన్లాండ్, తండ్రిది ఈ ఊరే. ఫెస్టివల్ వాళ్లకి సబ్‌టైటిల్స్ రాస్తుంది. పంపిన కాపీలో సరిగ్గా ఆ మాట దగ్గరే గాలి హోరు, సంభాషణలు రాసి పంపిన కాగితాల్లోనూ ఆ మాట లేదు. దర్శకుడేమో ఫోన్ ఎత్తలేదు. మర్నాటికల్లా ఇచ్చేయాలి కాబట్టి ఆ భార్య ఏమంటుందో ఊహించి రాసేసిందట. నిన్న దర్శకుడు ఊళ్లో దిగగానే వెళ్లి అడిగింది. అసలు మాట "బూట్లు తడిశాయా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వాన చుక్కలు కనురెప్పల మీద అలాగే ఉన్నా తుడుచుకోకుండా నన్నే చూస్తోంది.

రేపు మధ్యాహ్నం రెండో షోకి అసలు మాట పెట్టేశానని, వచ్చి చూసి, ఆరు నిలుస్తుందో లేదో నిజం రాయమని చెప్పింది.

"మీ పేరు బయటికొస్తే మళ్లీ ఈ పని ఇస్తారా?" అన్నాను.

"ఇవ్వకపోవచ్చు. కానీ నా మాటకి వేరొకరిని పొగుడుతుంటే చూస్తూ కూర్చోలేను. లేని మాటకి ఆరు వేసినవాడని మీకు పేరు రావడం కూడా నాకు ఇష్టం లేదు."

నేరుగా ఆఫీసుకెళ్లి మా ఎడిటర్ బోర్గిల్‌కి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేస్తే సరిపోతుందంది. కొత్త సంవత్సరంలో నా ఉద్యోగం పర్మినెంట్ చేయాలా వద్దా అని పైవాళ్లు ఆలోచిస్తున్న సమయమని గుర్తుచేసింది. చూసొచ్చాక నిర్ణయించుకుంటానన్నాను.

మర్నాడు సైమా నా పక్క సీట్లో కూర్చుంది. ఆమె తెరని కాకుండా నా మొహాన్ని చూస్తోందని నాకు తెలుసు. ఎలా తెలుసంటే, నేనూ తెరని చూడట్లేదు. కానీ ఆ తలుపు తెరుచుకునేసరికి ఇద్దరం ముందుకి తిరిగాం.

భార్య అతని మొహం చూడలేదు, కాళ్లు చూసింది. "బూట్లు తడిశాయా?"

హాల్లో ఒక్కరు కదల్లేదు. పదకొండేళ్లూ ఆ రెండు మాటల్లో ఇమిడిపోయాయి. నా కళ్లు నిండాయి.

లైట్లు వెలిగాక సైమా అడిగింది. "నాది ఓడిపోయింది కదా?"

"ఓడిపోయింది. మీ మాట చాలా బాగుంది, కానీ ఆవిడ నోట్లోంచి రాదు. అది బాగా ఆలోచించి అనే మాట."

కోపం వస్తుందేమోననుకున్నాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలి, ఎవరైనా మొహం మీద ఇలా చెబితే బాగుండునని రెండు రోజులుగా అనుకుంటున్నానంది.

బయట మా ఊరి వాన. గొడుగు తెరిస్తే గాలికి తిరగబడే రకం. పక్కనే ఉన్న బేకరీలో దూరి దాల్చినచెక్క బన్నులు తీసుకున్నాం. నేను రెండు వేసిన కార్ల సినిమాని ఆమె మూడు సార్లు చూసిందట. నా రివ్యూ చదివాక పంతం కొద్దీ మూడోసారి వెళ్లిందట. నీకు సరదా తెలియదని ఆమె, నీకు కథ అక్కర్లేదని నేను. బన్నులు అయ్యేసరికి ఇద్దరం మీరు అనడం మానేశాం.

"ఆ మాట నీకెలా తట్టింది?" అని అడిగాను.

ఫిన్లాండ్‌లోని టుర్కూలో చదువుకునేటప్పుడు, వస్తానన్న ఒకతని కోసం రెండేళ్లు ఎదురుచూసిందట. ఒక రోజు బస్సులో, పొద్దుటినుంచీ అతను గుర్తే రాలేదని తెలిసి, అక్కడే ఏడ్చేసిందట.

"అంటే సగం రివ్యూ నేను సినిమా మీద రాయలేదు," అన్నాను. "నీ మీద రాశాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రమే రాశాను. రెండు లైన్లు కాదు, పూర్తి కాలమ్. నేను పొగిడిన మాట సినిమాలో లేదని, ఉన్న మాట ఇంకా గొప్పదని, ఆరు ఆరుగానే ఉంటుందని, లేని మాట రాసింది సైమా అని, తనే వచ్చి చెప్పిందని. పేరు వేయడానికి ఆమె ఒప్పుకుంది. బోర్గిల్ చదివి ఒక్క కామా తీసేసి, మొదటి పేజీలో వేసింది. పోటీ పత్రిక వాళ్లు రెండు రోజులు నవ్వుకున్నారు. ఫెస్టివల్ వాళ్లు సైమాని పిలిచి చీవాట్లు పెట్టి, వచ్చే ఏడాది అన్ని సినిమాలకీ దర్శకులతో ముందే మాట్లాడే బాధ్యత కూడా ఆమెకే ఇచ్చారు. నా ఉద్యోగం డిసెంబరులో ఖాయమైంది.

అంతకుముందే, ఫెస్టివల్ అయిపోయిన సోమవారం ఉదయం, పత్రికల వాళ్ల కోసం వేసిన ఒక భారీ యాక్షన్ సినిమాకి సైమాని తీసుకెళ్లాను. రెండున్నర గంటలు. ఊళ్లు కూలాయి, విమానాలు పేలాయి. బయటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే ఒక్క వాక్యం రాలేదు.

"ఏమైంది?" అంది.

"నువ్వు పక్కనుంటే నాకు సినిమా కనిపించట్లేదు."

"అయితే ఈసారి వెనక వరుసలో కూర్చుంటాను."

"వద్దు. సాయంత్రం టికెట్ కొనుక్కుని మళ్లీ చూస్తాను. నువ్వు మాత్రం నా పక్కనే ఉండు, సినిమా ఉన్నా లేకపోయినా. నిన్ను ప్రేమిస్తున్నాను, సైమా."

నేను అన్న మాటని ఆమె పెదాలతో నెమ్మదిగా మరోసారి అనుకుంది, సబ్‌టైటిల్స్ రాసేటప్పటి అలవాటు కాబోలు. తర్వాత నా ల్యాప్‌టాప్ మూసి, చేయి పట్టుకుంది.

"బాగుంది," అంది. "ఒక్క అక్షరం కూడా మార్చను. నాదీ అదే మాట."

సాయంత్రం రెండు టికెట్లు కొన్నాం. ఆ సినిమా రివ్యూ మా పత్రికలో ఇంకో రోజు ఆలస్యంగా వచ్చింది.