గోడ అవతలి ఆట

ఆ ఉదయం ఒడిల్ వంటింటి పటకారు పట్టుకుని హాల్లోకి వచ్చి, టీవీ పక్కనున్న గాజు గిన్నె ముందు నిలబడింది. ఏప్రిల్‌లో అందులో చిప్స్‌కి నంజుకునే ఉల్లిపాయ మీగడ ఉండేది. ఇప్పుడు మే నెల వచ్చింది. గిన్నెలో మిగిలినదానికి ఏ పేరు పెట్టాలో ఆమెకి తెలియలేదు. పైన బూడిదరంగు నూగు, అంచున ఆకుపచ్చ చార, మధ్యలో నిలువుగా గుచ్చుకున్న ఒక చిప్పు.

"దాన్ని ముట్టుకోకు!" సోఫాలోంచి మొగుడు రెజాన్ కేక పెట్టాడు.

"ముట్టుకోవట్లేదు. నాడి చూస్తున్నా. బతికే ఉంది."

ఐస్ హాకీ ప్లేఆఫ్స్ మొదటి ఆట రోజు ఆ గిన్నె తీయడం మరిచిపోయారు. జట్టు గెలిచింది. కాబట్టి జట్టు ఆడుతున్నంతకాలం గిన్నె కదలకూడదు. జెర్సీ ఉతకకూడదు. రెజాన్ ఒంటిమీది ఎర్ర జెర్సీకి ఆవాల ముద్ద, గ్రేవీ, బీరు పొరలు పొరలుగా పట్టేశాయి. పిలిస్తే అదే నడిచొచ్చేలా ఉంది. ప్లేఆఫ్స్ అయ్యేదాకా ఆటగాళ్ళు గీసుకోరు కనుక అతనూ గడ్డం గీసుకోలేదు. అల్యూమినియం ఫ్యాక్టరీలో అతని కింద పనిచేసేవాళ్ళూ గీసుకోలేదు. షికూటిమి ఊళ్ళో సగంమంది మగాళ్ళు ఆ వసంతంలో అడవిలోంచి దిగొచ్చినవాళ్ళలా తిరుగుతున్నారు. ఇవాళ్టి గడ్డంలో పొద్దున తిన్న గుడ్డు సొన కూడా ఉంది.

ఒడిల్ కిటికీ తెరిచింది. బయట మంచు కరిగిన చోటల్లా, చలికాలమంతా ఊరి కుక్కలు దాచుకున్నవి ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. ఆ వాసనకీ ఇంట్లో వాసనకీ పెద్ద తేడా కనపడక కిటికీ మళ్ళీ మూసేసింది.

ఇంతవరకూ ఆమె భరించింది. ఆమెకి మింగుడుపడనిది అత్తగారి మడతకుర్చీ ఒక్కటే.

ఆట ఉన్న సాయంత్రాల్లో అత్తగారు ఫ్లోరెట్ మెట్లు దిగి బేస్‌మెంట్‌లో, బట్టలుతికే యంత్రం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఆవిడ చూస్తే జట్టు ఓడిపోతుంది మరి. ఈ సంగతి రెజాన్ కనిపెట్టింది కాదు. వాళ్ళ నాన్న కనిపెట్టి, పడవతోపాటు కొడుకులిద్దరికీ వదిలి పోయాడు. మొన్నొక ఆటలో ఆవిడ చక్కెర రొట్టె కాల్చి, వేడిగా తింటారని పైకి తెచ్చింది. గుమ్మంలో కాలు పెట్టడమేమిటి, ఎదుటివాళ్ళు గోల్ కొట్టారు. రొట్టె తిన్నారు, ఆవిణ్ణి మాత్రం వెనక్కి పంపేశారు.

ఆ ఇంట్లో ఒడిల్‌కీ అత్తగారికీ తప్ప ఎవరికీ తెలియని విషయం ఒకటుంది. మార్చిలో అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఆమే. రెండు కళ్ళకీ నట్టనడుమ మచ్చ పెరుగుతోందనీ, పై శీతాకాలానికి టీవీ సంగతి అటుంచి మొహాలు గుర్తుపట్టడమే కష్టమనీ డాక్టరు మెల్లగా చెప్పాడు. ఫ్లోరెట్ కాసేపు ఆలోచించి, "నల్లగా, గుండ్రంగా, ఎటు చూస్తే అటు. అంటే ఇక హాకీ బిళ్ళ నా కంట్లోనే ఉంటుందన్నమాట," అంది. తిరిగొస్తుంటే కార్లో కోడలి చేత ఒట్టు వేయించుకుంది. "ప్లేఆఫ్స్ అయ్యేదాకా పిల్లలకి చెప్పకే. మనసు పాడుచేసుకుంటారు."

ఆ పిల్లల్లో పెద్దవాడికి యాభై నాలుగేళ్ళు.

రెండోవాడు గాస్తోన్ పది గంటలకి బూట్ల బురదతో సహా లోపలికొచ్చాడు. రెండు జట్లూ మూడేసి ఆటలు గెలిచి సమంగా ఉన్నాయి. సాయంత్రం ఆఖరి ఆట. గెలిస్తే పై మెట్టు, ఓడితే ఇంటికి. గాస్తోన్ మొహం చూస్తే రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"మొన్న ఎందుకు ఓడామో కనిపెట్టాను," అన్నాడు. "అమ్మ కిందే ఉంది కదా, ఐనా ఎందుకు ఓడాం? కింద రేడియో ఉంది! చూడకపోతే సరిపోదన్నయ్యా. వినకూడదు కూడా."

"నిజమే సుమా," అన్నాడు రెజాన్ లేచి కూర్చుంటూ.

"అందుకని ఇప్పుడే అమ్మని సరస్సు దగ్గర రోబెర్వాల్ ఊరికి తీసుకెళ్ళి పిన్ని దగ్గర దింపేస్తాను. రేపు పొద్దున తెచ్చేస్తాను. అమ్మకి పొద్దున్నే ఫోన్లో చెప్పాను."

ఒడిల్ పటకారు బల్లమీద పెట్టింది. "పిన్ని దగ్గర రేడియో లేదా?"

"ఉంది. బ్యాటరీలు తీసి దాచమని ఫోన్ చేసి చెప్పాను."

"ఊళ్ళో చర్చి గంటలు కూడా ఆపించకపోయావా? గెలిస్తే మోగిస్తారేమో, పాపం ఆవిడ చెవిన పడుతుంది."

"వదినా, నేనేమన్నా అమ్మని అడవిలో వదిలేసి వస్తానన్నానా? పిన్ని మాంసం కూరిన రొట్టె చేస్తోంది. ఇద్దరూ చక్కగా పేకాడుకుంటారు. నువ్వు దీన్ని పెద్దది చెయ్యకు."

ఒడిల్ మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

రెజాన్ జెర్సీ చేతిమీది ఎండిన గ్రేవీని గోటితో గీకాడు. "ఒక్క సాయంత్రమే కదా, ఒడిల్. అమ్మ కూడా ఏమీ అనుకోదు."

అతను మాట్లాడుతుంటే గడ్డంలో గుడ్డు సొన పైకీ కిందకీ ఊగింది. ఒడిల్ చూపు తిప్పుకుంది. కాపురానికొచ్చాక ఈ మనిషి మీద కోపం వచ్చింది, విసుగొచ్చింది, ఒకసారి చీపురు కూడా విసిరింది. చూడబుద్ధి కాకపోవడం మాత్రం ఇదే మొదలు. గుడ్డు సొనని క్షమించొచ్చు, ఆ మాటని కాదు.

"సొంత తల్లిని బ్యాటరీలు లేని ఇంటికి తోలేసి, వచ్చి ఈ బూజు గిన్నెకి దణ్ణం పెట్టుకుంటారు! దీన్ని కదపకూడదు, ఆవిణ్ణి ఎక్కడికైనా కదపొచ్చు. మీ ఇద్దరినీ చూస్తుంటే నాకు రోతగా ఉంది."

"ఒడిల్!"

"నేను తయారేరా," అంది గుమ్మంలోంచి ఫ్లోరెట్.

కోటు వేసుకుని, తలకి రుమాలు కట్టుకుని నిలబడి ఉంది. కోటు బొత్తాలు ఒకదానికి పెట్టాల్సింది ఇంకోదానికి పెట్టుకోవడంతో ఎడమవైపు అంచు కిందకి వేలాడుతోంది. బల్లమీది చేతిసంచి కోసం చెయ్యి చాపి, పక్కనున్న గాలిని పట్టుకుంది. మళ్ళీ తడిమి సంచి అందుకుంది.

"మీరూ నమ్ముతారా అత్తయ్యా, ఈ అపశకునం కబుర్లు?"

"నమ్మకేం పిల్లా! పెళ్ళయినప్పట్నించీ అనుభవం. మీ మామగారు నన్ను వంటింట్లో ఉంచి తలుపేసేవారు. గోడకి చెవి పెడితే ఆటంతా తెలిసిపోయేది. కుర్చీలు కిర్రుమంటే బిళ్ళ మనవాళ్ళ దగ్గరున్నట్టు. ఎవరూ ఊపిరి తియ్యకపోతే మనవాడు గోల్‌కీపర్ మీదికి ఒంటరిగా పోతున్నట్టు. కాఫీ కప్పులు ఎగిరిపడితే మనకి గోల్. చర్చిలో సామానంతా పేరుపేరునా వినిపిస్తే ఎదుటివాళ్ళు కొట్టారన్నమాట." ఆ ఊరి తిట్లన్నీ చర్చి బీరువాలోంచి వచ్చినవే; అక్కడ బలిపీఠం అన్నా బూతే.

"మనవాళ్ళు గోల్ కొట్టడం మీరు ఎప్పుడూ కళ్ళతో చూడలేదా?"

"మర్నాడు పేపర్లో బొమ్మ చూసేదాన్నిగా." ఫ్లోరెట్ నవ్వింది. "వీడేనే నా కాపలా, ఈ రెజాన్. ఐదేళ్ళుంటాయేమో. తలుపుకి వీపు ఆనించి పోలీసులా నిలబడేవాడు. మనవాళ్ళు గోల్ కొట్టారంటే చాలు, వాళ్ళ నాన్న చూడకుండా తలుపు సందులోంచి చెయ్యి లోపలికి పెట్టేవాడు. నేను పట్టుకుంటే గట్టిగా ఊపేవాడు. అదే నాకు గోల్."

రెజాన్ గీకడం ఆపేశాడు.

"సరే, వెళ్దామా అమ్మా?" అన్నాడు గాస్తోన్ తాళాలు గలగలలాడిస్తూ. "సరస్సు రోడ్డంతా గుంతలు..."

"గాస్తోన్, మీ అమ్మ బొత్తాలు చూడు," అంది ఒడిల్.

"బొత్తాలా?"

"చూడు. చూశావా? ఇందాక సంచి ఎలా వెతికిందో అదీ చూశావా?"

"ఒడిల్! ఒట్టేశావు నువ్వు!" అంది ఫ్లోరెట్.

"వేశానత్తయ్యా. తీసి గట్టున పెట్టాను." ఆమె అన్నదమ్ములిద్దరి వైపూ కాదు, నేల వైపు చూస్తూ డాక్టరు చెప్పినదంతా చెప్పింది. ఒక్కసారి చెప్పింది, మెల్లగా చెప్పింది. "పై ఏడు మీరు ఆవిణ్ణి ఊరు దాటించక్కర్లేదు. హాల్లో టీవీ ముందు కూర్చోబెట్టినా ఆవిడకి ఏమీ కనపడదు. మీ జట్టుకి ఇక ఏ భయమూ లేదు."

గాస్తోన్ చర్చి సామాన్లలో ఒకదాని పేరు మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. తాళాలు జేబులో వేసుకున్నాడు.

"అంత దిగాలు పడకండిరా," అంది ఫ్లోరెట్ కుర్చీ తడుముకుని కూర్చుంటూ. "ఇంకా కనిపిస్తూనే ఉంది. కాస్త పక్కకి తిప్పి చూస్తే సరి. మీ ఇద్దరితోనే వచ్చింది చిక్కు. ఈ గడ్డాలతో ఎవరెవరో తెలిసి చావట్లేదు. నెల నుంచి గొంతుని బట్టి పోల్చుకుంటున్నాను."

రెజాన్ లేచి గబగబా బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. పారిపోయాడనుకుంది ఒడిల్. తల్లి కళ్ళు పోతున్నాయని వింటే ఆ మనిషికి చేతనైంది ఇంతేనన్నమాట. పంపు తిప్పిన చప్పుడు, ఆగిన చప్పుడు, మళ్ళీ తిప్పిన చప్పుడు. ఆమె అత్తగారి కోటు బొత్తాలు విప్పి సరిగ్గా పెట్టబోయి, అవసరం లేదని గుర్తొచ్చి కోటే తీసేసింది.

తలుపు తెరుచుకుంది.

గాస్తోన్ శవాన్ని చూసినట్టు వెనక్కి జరిగాడు. "అన్నయ్యా! ఇవాళా? ఆఖరి ఆట రోజునా?"

రెజాన్ దవడలు పాలిపోయి, మూడు చోట్ల తెగి, తెగినచోట కాగితం ముక్కలంటించుకుని ఉన్నాయి. జెర్సీ కూడా లేదు, శుభ్రమైన బనీను మీద ఉన్నాడు. వచ్చి కిటికీ వెలుతురులో తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు కనిపిస్తున్నానామ్మా?"

ఫ్లోరెట్ తల పక్కకి వాల్చి, కంటి చివరనుంచి కొడుకుని చూసింది. రెండు చేతులతో ఆ మొహాన్ని పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. చాలాసేపు చూసింది.

"ఇదిగో, వీడు నా కొడుకు," అంది. "ఇక్కడ కోసుకున్నావురా, వెధవా."

సాయంత్రం ఆవిడ కుర్చీ హాలు మధ్యలో, టీవీకి మూరెడు దూరంలో వేశారు. వెనకున్నవాళ్ళకి తెర సగమే కనపడింది. గాస్తోన్ గడ్డంతోనే వచ్చాడుగానీ, మూతి దగ్గర కత్తిరించి, కడుక్కుని వచ్చాడు.

మొదటి గోల్ ఎదుటివాళ్ళు కొట్టారు. గాస్తోన్ కళ్ళు అలవాటుకొద్దీ తల్లివైపు తిరిగాయి. ఫ్లోరెట్‌కి ఆ చూపు కనపడి ఉండదు. ఐనా కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

రెజాన్ చెయ్యి ఆవిడ చేతిమీద పడింది. "కూర్చో అమ్మా. తలుపు దగ్గర కాపలా నేనేగా. బయటికి పోనివ్వను."

రెండో భాగంలో మనవాడొకడు ఒంటరిగా దూసుకుపోయాడు. హాల్లో ఎవరూ ఊపిరి తీయలేదు. బిళ్ళ వలలో పడింది. కప్పులెగిరాయి, సోఫా కిర్రుమంది, అన్నదమ్ములిద్దరూ ఒకేసారి గావుకేక పెట్టారు. ఒడిల్ అత్తగారి వైపు చూసింది. ఫ్లోరెట్ తెరని చూడటం లేదు. వెనక్కి తిరిగి, తల పక్కకి వాల్చి, అరుస్తున్న కొడుకుల మొహాలు చూస్తోంది. ఇన్నేళ్ళూ గోడ అవతల విన్న ఆ అరుపుకి మొహం ఎలా ఉంటుందో ఇవాళే తెలిసినట్టుంది.

అదనపు సమయంలో జట్టు ఓడిపోయింది.

గాస్తోన్ చర్చి సామానంతా వరసగా దింపాడు, బలిపీఠం నుంచి ప్రసాదం పెట్టె దాకా. అతను ఊపిరి కోసం ఆగగానే, ఆదివారం తప్పకుండా ప్రార్థనకి వెళ్ళే ఫ్లోరెట్, "పవిత్రపాత్ర మర్చిపోయావు," అని ఆ మాట తనే గట్టిగా అంది. ముగ్గురూ తెల్లబోయారు.

కాసేపటికి గాస్తోన్ చూపు తల్లి మీదనుంచి జారి, అన్న నున్నటి గడ్డం మీద ఆగింది. "గీసుకోకుండా ఉండాల్సింది."

"అవును. ఈ ఓటమి నాది," అన్నాడు రెజాన్. "నా పేరు మీదే రాసుకో. పై ఏడు నుంచి కింద మడతకుర్చీలో నేను కూర్చుంటాను."

"ఐతే రెండు కుర్చీలు వెయ్యి," అంది ఫ్లోరెట్. "అప్పటికి నాకు టీవీతో పనేముంది? రేడియో పెట్టుకుందాం. వినడం అంత తేలికనుకోకు, నేను నేర్పాలి నీకు."

రెజాన్ తల్లి చెయ్యి పట్టుకుని, తలుపు సందులోంచి ఊపినట్టు ఒక్కసారి ఊపాడు.

ఒడిల్ పటకారు అందుకుంది. టీవీ పక్కనున్న గాజు గిన్నెని ఊపిరి బిగబట్టి పటకారుతో అంచు పట్టి ఎత్తింది. ఎవరూ వద్దనలేదు. పెరటి తలుపు తీసి, బురదలో కుక్కల ఆస్తి తొక్కకుండా చూసుకుంటూ చెత్తడబ్బా దాకా వెళ్ళి, బూజుని గిన్నెతో సహా పారేసింది. ఈ గిన్నెని ఇక ఎన్నిసార్లు కడిగినా అందులో తిండి పెట్టుకోబుద్ధి కాదు.

తిరిగొస్తూ గోడ దగ్గర ఆగి, ఎందుకో చెవి ఆనించింది. కుర్చీ కిర్రుమంది. తర్వాత ఎవరూ ఊపిరి తీస్తున్న చప్పుడు లేదు. ఆ తర్వాత ఎవరో ముక్కు పెద్దగా చీదారు. చీదిన తీరుని బట్టి అది గాస్తోన్ అని ఒడిల్ పోల్చుకుంది.