గేట్ పాస్ వెనుక ప్రార్థన

ఫెబా వార్డులోకి రాగానే శామ్యూల్ దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. బయట ఉప్పల్ రోడ్డు ఎండకు మండిపోతోంది.

"చలి పెడుతుందా, బ్రదర్?"

చర్చిలో నలుగురి ముందు తప్ప ఆమె అతన్ని బ్రదర్ అనదు. అలా పిలిచిందంటే కోపంగా ఉన్నట్టే.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"నువ్వే." హ్యాండ్‌బ్యాగులోంచి మడత కాగితం తీసింది.

శామ్యూల్ కళ్ళు మూసుకున్నాడు. తనకు పెద్దపేగు చివర కేన్సర్ అని తెలిసినప్పటి నుంచీ ఆమె ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. డ్యూటీ మారిందని మెసేజ్ పెట్టి తప్పించుకున్నాడు. ఆపరేషన్‌కు ముందు ఆదివారం మాత్రం నాచారం చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ వేశాడు. 'ఒక సహోదరునికి పేగు ఆపరేషన్. పొట్ట మీద మలం సంచి పడకుండా ప్రార్థించగలరు.' ఆ చీటీలు చదివేది ఫెబాయే అని తెలుసు, అందుకే పేరు రాయలేదు. చేతికందిన కాగితం ఫ్యాక్టరీ గేట్ పాస్ అనీ, రెండోవైపు తన పేరుంటుందనీ తోచనేలేదు.

"సంఘమంతా ఆమెన్ అన్నంక తిప్పి సూసిన. ఫ్యాక్టరీల అడిగి అడిగి ఈ దవాఖాన పట్టుకునేసరికి ఇన్ని దినాలైంది. ఇంతకీ సంచి పడ్డదా?"

"పడలే." గోడకేసి చూస్తూ చెప్పాడు. "సంచికి బదులు కింది నుంచి గొట్టం పెట్టిన్రు, పేగు కోసి కలిపిన అతుకు మీద ఒత్తిడి పడొద్దని. అయిదు దినాలు ఉంచి పొద్దుగాల తీసిన్రు. అతుకు లీకైతే మళ్ళ కోసి సంచి పెడతరంట. జ్వరం రావద్దు, పొట్ట ఉబ్బొద్దు, గాలి దానంతటదే పోవాలె. ఇవి చేసుకోబోయే పిల్లతోని చెప్పే ముచ్చట్లా? నువ్వు పో, ఫెబా."

ఆమె స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుంది.

అంతలోనే ఆ గాలి పోయింది. సన్నగా మొదలై, బిగబట్టినా ఆగక, పక్క మంచందాకా వినిపించింది.

శామ్యూల్ దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు.

"సిస్టర్, గాలి పోయింది," ఫెబా వార్డంతా వినేటట్టు చెప్పింది.

నర్సు వచ్చి జ్వరం చూసింది, పొట్ట నొక్కి చూసింది. "మంచిగనే ఉంది. ఆదివారం దాకా గిట్లనే ఉంటే సంచితోని పని పడకపోవచ్చు."

నర్సు వెళ్ళాక దుప్పటి లోపల శామ్యూల్‌కు ఏడుపొచ్చింది.

"మొకం సూపియ్యి," అంది ఫెబా.

"సిగ్గయితుంది."

"కానియ్. సిగ్గుపడుకుంటనే రాయి." దుప్పటి అంచు కిందుగా పెన్నూ తెల్లకాగితమూ తోసింది. "ఆదివారం కృతజ్ఞత చీటీ సదవాలె. ఈసారి ముందటనే పేరుండాలె."

చాలాసేపటికి కాగితం బయటికొచ్చింది. 'శామ్యూల్' అని మాత్రమే ఉంది. ఫెబా పెన్ను తీసుకుని, పక్కనే తన పేరు రాసి, మళ్ళీ లోపలికి తోసింది.

దుప్పటి మెల్లగా ముక్కుదాకా దిగింది.