చప్పుడు చెయ్యని పట్టీ

"పన్నెండింటికి సైంటిస్టు రైలు దిగుతాడు. పన్నెండూ ఐదుకి కూడా బతికుండాలి," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా స్నైపర్‌ని పంపింది. వాడెక్కడ నక్కాడో చిలక వచ్చి చెప్తుంది. స్టేషన్ కప్పు మీద ఉండు."

చిలక అందగత్తె, డబుల్ ఏజెంట్. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు మోస్తోందని చీఫ్ నమ్మకం.

ఏజెంట్ ముంగిస ఆయుధాల స్టోర్స్‌కి దిగాడు. ఆ మెట్లు దిగడమే అతనికి కష్టం. స్టోర్స్ చూసేది పిల్లనిచ్చిన మామగారు. మూడు నెలల కిందట మిషన్‌లో పోయినవాడు ఆయన ఒక్కగానొక్క కొడుకు.

గోడకి ఐదు బకిళ్ల టాక్టికల్ స్లింగ్, అంటే తుపాకీ తగిలించుకునే పట్టీ, వేలాడుతోంది. ఆ రోజు బావమరిదికి ముంగిస ముచ్చటపడి ఇప్పించింది అలాంటిదే. చీకటి గోడౌన్‌లో దాని బకిల్ తుపాకీ గొట్టానికి తగిలి టింగుమంది. ఆ చప్పుడు మీదికే గుండు వచ్చింది. ఆ టింగు సంగతి ముంగిస రిపోర్టులో రాయలేదు, భార్యకీ చెప్పలేదు. అప్పట్నించీ తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు.

మామగారు ఒక మామూలు పట్టీ తీసి చెవి దగ్గర ఊపి చూశారు. ఏ పట్టీనైనా ఆయన అలాగే ఎంచుతారు.

"మోగేది కాలికి కట్టుకోవాలి, తుపాకీకి కాదు. ఈ కొస లాగితే రైఫిల్ వీపుకి అతుక్కుంటుంది, రెండు చేతులూ ఖాళీ. ఈ రెండో కొస ఎత్తితే వదులై భుజానికొస్తుంది. అంతే."

"చాలా మామయ్యా?"

"హంగులన్నీ చూశాంగా." ఆయన పట్టీని ముంగిస చేతిలో పెట్టారు. "అమ్మాయికి ఇంకో కబురు నేను మోయలేను. తిరిగి రా."

పదకొండూ యాభై ఎనిమిది. పెయింటర్ వేషంలో ముంగిస స్టేషన్ కప్పు మీద పాకుతున్నాడు. చిలక వచ్చింది.

"గొడుగు తెచ్చావా?" అడిగాడు ముంగిస.

"ఎండకి అరువిచ్చాను." కోడ్ సరిపోయింది. "షూటర్ గడియారం గోపురంలో ఉన్నాడు," అని, అతని భుజం వైపు చూసి నవ్వింది. "కొత్త పట్టీయా? ఆ రోజులా టింగుమనడం లేదే!"

ముంగిస లెక్క వేసుకున్నాడు. ఆ టింగు విన్నది తనూ, పోయినవాడూ, కాల్చినవాళ్లూ మాత్రమే.

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. అతను కొస లాగాడు. రైఫిల్ వీపుకి అతుక్కుంది. రెండు చేతులతో ఆమె మణికట్టు మెలిపెట్టి, కప్పు అంచు కమ్మీకి బేడీ వేశాడు. ఆమె కళ్లు ఒక్క క్షణం నీళ్ల ట్యాంకు వైపు వెళ్లొచ్చాయి.

రైలు తలుపు తెరుచుకుంది. ముంగిస రెండో కొస ఎత్తాడు, పట్టీ వదులై రైఫిల్ భుజానికొచ్చింది. ట్యాంకు మీద ఒక గొట్టం మెరిసింది. ముంగిస కాల్చాడు; మోత ఇంజను కూతలో కలిసిపోయింది, గొట్టం ఒరిగిపోయింది. కింద సైంటిస్టు ఏమీ ఎరక్క పోర్టర్‌తో బేరమాడుతున్నాడు.

సాయంత్రం పట్టీ కౌంటర్ మీద పెట్టాడు.

"మోగిందా?"

"లేదు మామయ్యా. కానీ... ఆ రోజు మోగింది. నేను రాయలేదు."

"తెలుసు. బకిల్ మీద గీత చూశాను." ఆయన రిజిస్టర్ ముందుకి తోశారు. కళ్లు తడిగా ఉన్నాయి. "పట్టీ మోగకూడదు అల్లుడూ. నువ్వు మోగడానికే మూడు నెలలు పట్టింది. సంతకం పెట్టు."