చలిరక్కసికి ఒక్క ప్రశ్న

"మన రాజుగారి ఒంటిని చూస్తే జ్వరానికే భయమట! దేవతలే కాపలా కాస్తున్నారట!" అని పక్కింటి నూకాలు ఊరంతా చెప్పుకొచ్చింది. కోటలో నీళ్లు మోసే మరదలు చెప్పిందట ఆమెకు. విన్నవాళ్లు నోళ్లు తెరిచారు. పైడి మాత్రం తండ్రి మీద ఇంకో గొంగళి కప్పుతూ ఉండిపోయింది.

గిరిపాలెం రాజ్యంలో ఏటా తొలకరితోపాటే చలిరక్కసి దిగేది. పట్టినవాణ్ణి మంచం అదిరేలా వణికించేది. చేదుబెరడు కషాయం పోస్తే వదిలేది, వానలకు మళ్లీ వచ్చేది. బొగ్గులు కాల్చే అప్పలసూరి, అదే పైడి తండ్రి, ఏటికేడూ చిక్కిపోయాడు. "వచ్చే వానలకు కూడా పడితే ఇక లేవడమ్మా," అనేశాడు ఆస్థాన వైద్యుడు.

నల్లచిత్తడిలో ఉండే ఆ రక్కసికి ఓ శాపం ఉంది. తన దగ్గరికి ప్రాణాలతో చేరినవాళ్లు అడిగే ఒక్క ప్రశ్నకు నిజం చెప్పి తీరాలి. పైడి బయలుదేరింది. "ఇంతకన్నా గట్టి మందేదో అడుగు," అన్నాడు వైద్యుడు. "దాన్ని మోసుకొచ్చే దోమల్ని చంపే ఉపాయం అడుగు," అన్నాడు సేనాపతి.

పైడి మొసళ్ల ఏరు ఈదింది. అవతల ఓ కొండచిలువ దారికడ్డంగా పడుకుని ఉంది.

"ఎవరి కోసం పోతున్నావే, పిల్లా?"

"మా అయ్య కోసం. మింగితే తొందరగా మింగు, లేకపోతే తప్పుకో."

కొండచిలువకు నవ్వొచ్చి తప్పుకుంది. ఆ పిల్ల గుండె ఏ ఇనుముతో పోతపోశారో గానీ!

చిత్తడి అంచున ఓ ముని ఆమెకు చంద్రశిల ఇచ్చాడు. "రక్కసి దాగిన నెత్తురు తగిలితే ఇది నల్లబడుతుంది. ఎవరి నెత్తురు చూడాలో మాత్రం నాకూ తెలియదు, తల్లీ."

రక్కసి దోమలు మోసే పల్లకీలో ఊగుతోంది. "అడుగు! మందా? నా బోయీల చావా?"

పైడికి తండ్రి బట్టీ గుర్తొచ్చింది. ఆర్పిన బట్టీ మళ్లీ అంటుకునేది ఎప్పుడూ పొగ రాని మూల నుంచే.

"మందుకు జడిసి పారిపోయాక, మళ్లీ వానలదాకా ఎక్కడ తలదాచుకుంటావు?"

పల్లకీ ఆగిపోయింది. "నీ నోట్లో మన్ను పడ! వణకనివాళ్ల నెత్తురులో. వాళ్లు మందు తాగరు, వాళ్లలో నన్నెవరూ వెతకరు."

పైడి వెనక్కి వచ్చి ఊరూరా ఇల్లిల్లూ తిరిగింది. దున్నపోతుల్లా ఉన్నవాళ్ల వేళ్లకూ ముల్లు గుచ్చింది. శిల నల్లబడితే కషాయం పోసింది. దోమలు పుట్టే మడుగులు పూడ్పించింది. వానలొచ్చినా ఊళ్లలో ఒక్క మంచమూ అదరలేదు. అప్పలసూరి బట్టీ వెలిగించాడు. కోట చుట్టుపక్కల మాత్రం జనం వణుకుతూనే ఉన్నారు. అక్కడ మిగిలిన రక్కసి తన గుమ్మందాకా రాదా? పైడి తిన్నగా సభకు నడిచింది.

"ఏనాడూ ఒళ్లు వెచ్చబడని ప్రభువుల వేలికి ముల్లా!" మంత్రి మండిపడ్డాడు.

"వెచ్చబడలేదనే వచ్చాను."

రాజు చిన్నగా నవ్వి తనే ముల్లు గుచ్చుకున్నాడు. శిల కాటుకలా మారింది. రాజు నవ్వు మాయమైంది. కషాయం గడగడా తాగి, రాజముద్ర ఉంగరం తీసి పైడి చేతిలో పెట్టాడు. "ఇక నా రాజ్యంలో ఏ గడపా నిన్ను ఆపదు, తల్లీ."

"ప్రభూ, ఆ రాయే చెడిపోయి ఉంటుంది," గొణిగాడు మంత్రి.

"రాయి బాగానే ఉంది, మంత్రిగారూ," అంది పైడి. "తర్వాతి వేలు మీదే."