మీరిచ్చే డ్రా నాకొద్దు

“డ్రా చేసుకుందామా?” అని తమిళంలో అడిగాడు జయరామ, చాలా పెద్ద మనసు చేసుకుని.

ఎదురుగా కూర్చున్న అమ్మాయి తలెత్తలేదు. చెంపలకు రెండు చేతులూ ఆనించి బోర్డు వైపే చూస్తోంది. ఆమె వైపు గడియారం నడుస్తోంది.

1986లో, తమిళనాడులోని ధర్మపురిలో ఒక స్కూలు హాల్లో జిల్లా చెస్ పోటీలు. బయట కుండపోతగా వాన. మిగతా బల్లలన్నీ ఖాళీ అయిపోయాయి. జయరామకు రాజు కాక ఒక బిషప్పు, బోర్డు అంచున ఒక బంటు ఉన్నాయి. ఆ అమ్మాయికి రాజు తప్ప ఏమీ మిగల్లేదు. గుమ్మంలో ఆమె తండ్రి గొడుగు పట్టుకుని నిలబడి, మారండహళ్ళి ఆఖరి బస్సు పోతుందేమోనని మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నాడు. బస్టాండు దగ్గర టైపు నేర్పే జయరామకు అది చూసి జాలి కలిగింది.

“డ్రానే కదా, తీసుకోండి,” అన్నాడు మళ్ళీ.

“సార్!” అని చెయ్యెత్తింది ఆ అమ్మాయి. పోటీలు నడిపే అన్బళగన్ సారు వచ్చాడు. “నా టైము నడుస్తా ఉంటే ఈయన మాట్లాడుతూనే ఉన్నాడు, సార్,” అని తమిళంలో ఫిర్యాదు చేసింది.

సారు కూడా తమిళంలోనే చీవాట్లు పెట్టాడు. “డ్రా అడగాలంటే ముందు నీ ఎత్తు వెయ్యి. అడుగు. ఆ తర్వాతే గడియారం నొక్కు. అవతలివాళ్ళు ఆలోచిస్తుంటే నోరు తెరవకూడదు. ఒకసారి ఒప్పుకోకపోతే ఊరికే గొణక్కూడదు.”

జయరామ చెవులు ఎర్రబడ్డాయి. ఆ అమ్మాయి తెలుగులో తనకు తానే గొణుక్కుంది: “దానం చేసేదానికి వచ్చినాడు, మహారాజు!”

జయరామ ఉలిక్కిపడ్డాడు. “మీరు తెలుగోళ్ళా?”

“ష్! ఇప్పుడే కదా నోరు తెరవద్దన్నారు!”

ఆమె రాజు బోర్డు మూలకు చేరింది. పక్క గడికి పోయింది. మళ్ళీ మూలకే వచ్చింది. జయరామ బిషప్పును అటూ ఇటూ తిప్పాడు, బంటును తోశాడు. ఆ మూల గడి నల్లది, అతని బిషప్పు తిరిగేది తెల్ల గడుల్లో. చివరికి ఆమె రాజుకు కదలడానికి గడి లేదు, దానికి చెక్ కూడా లేదు. స్టేల్‌మేట్. డ్రా!

“చూసినారా? మీరిచ్చే డ్రా నాకొద్దు. నాది నేను తీసుకుంటాను,” అంది కళ్ళు మెరుస్తుండగా.

వరండాలో జయరామ ఆమె వెనకే పడ్డాడు. “మీ బస్సు పోతుందనే కదా అడిగినాను!”

“బస్సు పోతే మా పిన్ని ఇంట్లో పండుకుంటాము. మీకేంది?”

గొడుగు విప్పుతున్న ఆమె తండ్రి రంగస్వామి పకపకా నవ్వాడు. “తంబీ, దీని నోటికి బయపడొద్దు. మారండహళ్ళి పక్క వస్తే మా తక్కాళి మండీకి రా. ఒక ఆట ఆడదాము. ఏమ్మా పంచవర్ణం?”

పంచవర్ణం గొడుగు కింద నుంచి ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుకే జయరామ పూర్తిగా తడిసిపోయేదాకా వానలో నిలబడ్డాడు.

అంతవరకూ జయరామకు మారండహళ్ళిలో ఏ పనీ లేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఏదో ఒక పని తగిలేది. మండీలో టొమాటో గంపల మధ్య బోర్డు పరుచుకుని మొదట రంగస్వామితో, తర్వాత పంచవర్ణంతో ఆడేవాడు. ఆట ముగింపులో వేసే ఎత్తులన్నీ ఆమె ఓపికగా చెప్పేది, వెక్కిరింతలు మాత్రం ఓపిక లేకుండా విసిరేది. వట్టి చేతులతో తిరిగి పోవడం బాగుండదని అతను టొమాటోలు కొనేవాడు.

“ఒరే, ఇన్ని తక్కాళీలు ఎవురు తినేది?” అని అతని తల్లి పచ్చయమ్మాళ్ నెత్తి కొట్టుకునేది.

కార్తీక మాసంలో ఒక ఆదివారం పంచవర్ణం ఎత్తు వేయకుండా కూర్చుంది.

“ఈసారి మెడ్రాసు పోటీలకు సెలెక్ట్ కాకపోతే బోర్డు మూసెయ్యాలంట. అమ్మ చెప్పేసింది. హోసూరు నుంచి ఎవరో నన్ను చూసేదానికి వస్తారంట.”

జయరామ చాలా చెప్పాలనుకున్నాడు. బయటికి వచ్చింది మాత్రం ఒక్కటే. “బాగా ఆడండి.”

“అంతేనా?”

“అంతే.”

ఆమె కోపంగా గుర్రాన్ని దూకించి అతని మంత్రిని కొట్టేసింది.

ఎంపిక పోటీల్లో ఆఖరి ఆట వాళ్ళిద్దరికే పడింది. డ్రా అయితే చాలు, పంచవర్ణం మెడ్రాసుకు పోతుంది. జయరామ గెలిస్తే అతను పోతాడు. “ఓడిపోతావులే, రోమియో!” అని మిత్రులు అతన్ని ఏడిపించారు. జయరామ ఓడిపోయేలా ఆడలేదు. పొద్దు వాలేసరికి ఇద్దరికీ చెరో ఏనుగు, అతనికి మాత్రం అదనంగా ఒకే ఒక్క బంటు మిగిలాయి.

దారి వెతుకుతూ అతను రాజును అటూ ఇటూ కదిపాడు. ఆమె ఏనుగు అదే చోటి నుంచి చెక్ చెప్పింది. మళ్ళీ అదే చెక్. మూడోసారీ ఏనుగును పెట్టేసి, పంచవర్ణం సంతోషంగా చెయ్యెత్తింది. “సార్! ఇదే పొజిషన్ మూడోసారి. డ్రా!”

అన్బళగన్ సారు తల అడ్డంగా ఊపాడు. “ఎత్తు వేయకముందే నన్ను పిలిచి, ఈ ఎత్తు వేయబోతున్నానని చెప్పాలమ్మా. వేసేశాక నీ హక్కు పోయింది. ఇప్పుడు వంతు జయరామది. కావాలంటే అతను అడగొచ్చు. అక్కర్లేదంటే ఆడొచ్చు.”

హాలంతా జయరామ వైపు తిరిగింది. రంగస్వామి కుర్చీ అంచుకు జరిగాడు. ఒక్క మాట చాలు. ఆమె మెడ్రాసు పోతుంది, హోసూరు వాళ్ళు రారు. జయరామ ఆమె ముఖం చూశాడు. పెదవి కొరుక్కుంటూ బోర్డునే చూస్తోంది. అడుక్కోవడం లేదు.

అతను రాజును ముందుకు జరిపి గడియారం నొక్కాడు.

“పాపాత్ముడు!” అన్నారెవరో వెనక.

పంచవర్ణం నిటారుగా కూర్చుంది. ఆ తర్వాత ఆమె ఆడిన ఆట గురించి ధర్మపురిలో చాలాకాలం చెప్పుకున్నారు. అతని రాజును పక్కకు తరిమింది. బంటు చుట్టూ ఉచ్చు బిగించింది. చివరికి ఆమె ఏనుగు బంటును కొట్టింది, అతని ఏనుగు ఆమె ఏనుగును కొట్టింది, ఆమె రాజు ఆ ఏనుగునూ కొట్టేసింది. బోర్డు మీద ఇద్దరు రాజులు మాత్రమే నిలిచారు. ఇంక ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. డ్రా!

చేతులు కలిపారు. వదలడం ఇద్దరికీ గుర్తురాలేదు.

“ఊఁ, ఇక్కడ ఇంకా మనుషులున్నారు,” అని సారు దగ్గాడు.

మెట్ల మీద ఆమె ఏడుస్తూ నవ్వింది. “మీరప్పుడు డ్రా అడిగి ఉంటే జన్మలో మీతో మాట్లాడేదాన్ని కాదు.”

“తెలుసు. అందుకే ఆడినాను. పంచవర్ణం, నువ్వంటే నాకు...” అంటూ అతను ఆగిపోయాడు.

“టైపు మాస్టరుకు ఇంత స్లో పనికిరాదు. చెప్పండి!”

“ఇష్టం. చానా ఇష్టం.”

“నాకూనూ,” అని గబగబా మెట్లు దిగేసింది. కింద రంగస్వామి నిలబడి ఉన్నాడు.

“ఇందాక నువ్వు రాజును జరిపినప్పుడు నిన్ను కొడదామనే లేచినాను, తంబీ,” అన్నాడాయన జయరామ భుజం పట్టుకుని. “మళ్ళీ ఆలోచిస్తే, నా బిడ్డను తక్కువ చెయ్యనోడివి నువ్వొక్కడివే. ఇది మెడ్రాసు పోయి రానీ. మీ అమ్మానాయనలను పిలుచుకోని రా. హోసూరు వాళ్ళకు నేను చెప్పుకుంటాను.”

మెడ్రాసులో పంచవర్ణం కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది, దేనికీ బాధపడకుండా తిరిగొచ్చింది. మాఘ మాసంలో పచ్చయమ్మాళ్ భర్తతో, కొడుకుతో మారండహళ్ళి వచ్చి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

“వంట వచ్చునా, పాపా?”

“సంగటి కెలికేది వచ్చును, అత్తా. కూరలు నేర్చుకోవాల.”

ఆ ‘అత్తా’ అన్న పిలుపుకే పచ్చయమ్మాళ్ కరిగిపోయింది. తన కొప్పులోని కనకాంబరాల్లో సగం తుంచి ఆమె జడలో పెట్టింది. “చైత్రంలో పెండ్లి పెట్టుకుందాము.”

“చైత్రంలో వద్దత్తా, వైశాఖంలో పెట్టండి,” అంది పంచవర్ణం. “చైత్రంలో నాకు సేలంలో టోర్నమెంటు ఉంది.”

పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అంతవరకూ తల వంచుకుని కాఫీ తాగుతున్న జయరామ మొదటిసారి నోరు తెరిచాడు.

“నాకూ ఉంది.”