ట్రాంటర్ మింగేసిన మాట

పరుగు!

బురదలో బూట్లు జారుతున్నాయి. పొడుగు టోపీ ఎప్పుడో ఎగిరిపోయింది. లండన్ పొగమంచు... దీపాలు పెట్టే వేళకే ఎదుటి మనిషి కనపడ్డం లేదు!

"ఆగరా క్రాడాక్!"

ఆగుతాడా? ఇందాకే గడియారాల కొట్టు ముసలాయన్ని పొడిచి చంపి వచ్చినవాడు!

కానిస్టేబుల్ జోసయా ట్రాంటర్ మలుపు తిరిగాడు.

ఎవరూ లేరు!

సందు మొగలో మలుగు చేపలమ్మే హెస్టర్ ఒక్కతే.

"ఏయ్! ఎటు పోయాడు?"

"ఎవరు బాబూ? నా కళ్ళు చేపల మీదున్నాయి."

"అబద్ధమాడావంటే లోపలేస్తా!"

"అయితే... అటు."

అటే పరిగెత్తాడు.

గోడ! దారి లేదు!

పైనుంచి బొళుక్కున కుడితినీళ్ళు... నెత్తి మీదే! కిటికీల్లో నవ్వులు.

"నీలి దెయ్యం తడిసిందర్రోయ్!"

కొత్త పోలీసు దళం పెట్టి ఏడాది తిరగలేదు. ఈ పేటలో నీలం కోటు కనపడితేనే జనానికి ఒళ్ళుమంట.

ఒక్క తోటి కానిస్టేబుల్ ఏమస్ పెల్ కోటు తప్ప!

ఏమస్... నిన్నమొన్నటిదాకా చెప్పులు కుట్టుకున్నవాడు. ట్రాంటర్ ఒకప్పుడు ఫిరంగుల మధ్య నిలబడ్డ సైనికుడు. అయినా తలుపులెవరికి తెరుచుకుంటాయి? ఏమస్‌కి! కబుర్లెవరికి చెబుతారు? ఏమస్‌కి! ఆఖరికి తను కట్టుకున్న పెళ్ళాం కూడా... "ఆ పెల్ ఎంత మంచివాడండీ!"

ఆ మాట ఇంకా చెవిలో ముల్లులా గుచ్చుతోంది.

మొహం తుడుచుకుని తలెత్తాడు. పొగమంచు ఒక్క క్షణం పలచబడింది.

ఎదురు మేడ కిటికీలో... క్రాడాక్!

చేతిలో పిస్టల్. గుండు దట్టిస్తున్నాడు!

పైకి దారి వెతుకుతూ వెనక్కి పరిగెత్తాడు ట్రాంటర్. సందు మొగకొచ్చేసరికి ఏమస్ అక్కడ ఉండనే ఉన్నాడు. టోపీ చేత్తో పట్టుకుని, తీరిగ్గా!

"హెస్టరక్కా, మోకాలెలా ఉంది?"

"చంపేస్తోంది తమ్ముడూ. వాడు కొవ్వొత్తుల దుకాణం పైన దాక్కున్నాడు. వెనక మెట్లున్నాయి చూడు, అటెళ్ళు."

అడక్కుండానే చెప్పేసింది!

ట్రాంటర్ ఏమస్ మీదికి దూసుకొచ్చాడు.

"ఏం మందు పెట్టావురా వీళ్ళకి?"

"మందేముంది జోసయా? మనమూ వీళ్ళ మనుషులమే. ఈ పనికి జీతం తీసుకుంటున్నాం, అంతే తేడా. వీళ్ళు ఒప్పుకుంటేనే మనం పోలీసులం. లేదంటే కర్రలు పట్టుకున్న రౌడీలం."

నీతులు! వీడా నాకు చెప్పేది!

ఏమస్ మెట్లెక్కుతున్నాడు. చేతిలో కర్ర. అంతే!

చెప్పాలి... వాడి దగ్గర పిస్టల్ ఉందని చెప్పాలి...

మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మింగేశాడు.

ఒక్కసారి వీడూ ఓడిపోనీ! అప్పుడెవరు పొగుడుతారో చూద్దాం!

హెస్టర్ అతని మొహంలోకే చూస్తోంది.

"ఏంటలా బిగుసుకుపోయావ్? పైన ఏం చూశావ్?"

ట్రాంటర్ చూపు తిప్పుకున్నాడు.

అంతే... ఆమెకి అర్థమైపోయింది!

"ఏమస్! వెనక్కి రా! రండర్రా, మన ఏమస్‌ని చంపేస్తున్నారు!"

తలుపులు ధడేల్మని తెరుచుకున్నాయి. కూలీలు, చాకలివాళ్ళు, కొవ్వొత్తుల పనివాళ్ళు... చేతికందింది పట్టుకుని ట్రాంటర్‌ని తోసుకుంటూ మెట్ల మీదికి!

ఢాం!

...పొగ.

పై మెట్టు మీద ఒక నీలం కోటు. తూలుతోంది.

ఏమస్! చెవి పక్కనుంచి నెత్తురు... కానీ బతికే ఉన్నాడు! వెనకాల నలుగురు పనివాళ్ళు క్రాడాక్‌ని రెక్కలు విరిచి పట్టుకున్నారు.

హెస్టర్ వేలు ట్రాంటర్ వైపు లేచింది.

"వీడికి తెలుసు! తెలిసే పంపాడు!"

జనం తిరిగారు.

కాలర్ మీద ఒక చెయ్యి... మెడ మీద ఇంకోటి... వీపు గోడకి గుద్దుకుంది!

"నదిలో తోసేయండ్రా!"

"ఆగండి!"

ఏమస్ మధ్యలో దూరాడు. కర్ర కింద పడేశాడు.

"కొట్టాలంటే ముందు నన్ను కొట్టండి."

"నిన్ను చావడానికి పంపాడు తమ్ముడూ!"

"అది మేజిస్ట్రేటు తేలుస్తాడక్కా. నువ్వు కాదు. నేనూ కాదు."

ఒక్కో చెయ్యీ వదిలింది. సణుక్కుంటూనే... కానీ వదిలింది.

"నిజమేనా జోసయా?"

ట్రాంటర్ పెదవులు కదిలాయి. "పిస్టల్ చూశాను."

ఏమస్ కళ్ళు ఒక్క క్షణం మూసుకున్నాయి.

మణికట్టు మీద అతని చెయ్యి బిగుసుకుంది.

"నువ్వూ ఖైదీవే. పద."

ముందు క్రాడాక్. వెనక ట్రాంటర్. పొగమంచులో దారి తెలియడానికి ఒకరి తర్వాత ఒకరు లాంతర్లు పట్టుకుని వెంట నడుస్తున్నారు జనం. ఎవరూ పిలవకుండానే. ఏమస్ కోసం!

ప్రాణం దక్కింది. దక్కించింది వాడే. దణ్ణం పెట్టాలి.

కానీ ట్రాంటర్ ఆ లాంతర్లనే చూస్తున్నాడు... పళ్ళు కొరుకుతూ!